నాలుగో క్లిప్పు

నాలుగో క్లిప్పు మొదలై పది సెకన్లు కాకముందే ఆ చేతులు ఎవరివో డాక్టర్ జగన్నాధానికి తెలిసిపోయింది.

తెర మీద చేతులు కనపడవు. మూత వేసిన పెట్టెలోకి రెండు పక్కల నుంచీ దిగిన సన్నటి కడ్డీలు రెండు, వాటి కొసన పిచ్చుక ముక్కంత పట్టుకార్లు, కింద బిగించి పెట్టిన కోడి చర్మం ముక్క. అంతే. పెట్టె బయట నిలబడ్డ మనిషి తెర వంక చూస్తూ కడ్డీలు ఆడించాలి. లోపల చర్మం మీద గాటు పెట్టి, ఆ గాటుని మూడు కుట్లతో మూసి, ముడులు వెయ్యాలి. పొట్ట చీల్చకుండా నాలుగు చిన్న కన్నాలు పెట్టి చేసే ఆపరేషనుకి సాము చేసేది ఇక్కడే. ఎవరి పనో తెలియకూడదని పేరు తీసేశారు, గొంతు తీసేశారు. మూలన తెల్లటి అంకె ఒక్కటి ఉంచారు.

సూది పట్టిన కడ్డీ ఎడమ పక్క నుంచి వచ్చింది.

ఆఖరి సంవత్సరం సర్జరీ పిల్లలు ఆరుగురు. ఆరుగురిలో ఎడమచేతి వాటం ఒక్క తులసిదే. బొబ్బిలి నుంచి వచ్చిన పిల్ల.

జగన్నాధం కుర్చీలో కాస్త వెనక్కి జరిగాడు. ముందున్న కాగితంలో అయిదు గళ్లున్నాయి. లోతు అంచనా, రెండు చేతుల పొందిక, వృథా కదలికలు లేకపోవడం, చర్మాన్ని నలపకుండా పట్టుకోవడం, తడబడకుండా తనంతట తాను ముగించడం. గడికి అయిదు చొప్పున పాతిక మార్కులు. ముగ్గురు డాక్టర్లు విడివిడిగా వేస్తారు. మొత్తం మీద పై ముగ్గురికీ వచ్చే నెల నుంచి పిత్తాశయం రాళ్ల కేసులు స్వయంగా చేసే వంతు వస్తుంది. కింది ముగ్గురూ పరీక్షలయ్యే దాకా పక్కన నిలబడి కెమెరా పట్టుకోవాలి. పరీక్షలయ్యాక కాలేజీయే వదిలి వెళ్లిపోతారు. అంటే ఈ విద్య చేతికి అందకుండానే డిగ్రీ అందుకుంటారన్న మాట.

మూడో క్లిప్పులో సూది రెండుసార్లు జారి పడింది. పరీక్షంటే ఎవరికైనా గాభరాయే కదా అనుకుని ఆయన ఆ గడిలో నాలుగు వేశాడు. ఇప్పుడీ నాలుగో క్లిప్పులో సూది జారలేదు. చర్మం అంచుని పట్టుకారు పైపైన ఎత్తి పట్టింది. సూది వంపు తిరిగినట్టే తిరిగి అవతలికి తేలింది. దారం సాగలేదు, చిక్కు పడలేదు. జగన్నాధం కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తప్పు కోసం చూస్తున్నానని ఆయన అనుకోలేదు. జాగ్రత్తగా చూస్తున్నాననుకున్నాడు.

రెండో ముడి దగ్గర కుడి పక్క కడ్డీ ఒక్క క్షణం ఊరికే ఆగింది.

"అదీ!" అన్నాడు పైకే.

రెండు చేతుల పొందిక గడిలో రెండు వేశాడు. ఆ రెండు పడ్డాక మిగతావి వేయడం కష్టం కాలేదు. మూడు, రెండు, మూడు, రెండు. మొత్తం పన్నెండు. కింద రెండు వాక్యాలు రాశాడు. 'కుడి చేయి నిద్రపోతోంది. సూదిని పట్టే చోటు మార్చుకోవాలి.'

థియేటర్ టెక్నీషియన్ గోవింద్ టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. క్లిప్పులు తీసిందీ, అంకెలు వేసిందీ అతనే.

"అయిపోనాయా సార్? ఆ కోడి దుకాణం వోడు నన్ను సంపుకు తినేస్తన్నాడు. మాంసం మాకొదిలీసి తోలు పట్టికెల్తావేట్రా, మీ డాక్టర్లు అదే తింతారా అని."

"తింతాం. నిన్ను గూడా తింతాం. ఇంకో రెండున్నాయి, ఎల్లు."

గోవింద్ నవ్వుతూ వెళ్లాడు. ఆయన అయిదో క్లిప్పు పెట్టుకున్నాడు. ఎనిమిది నెలల నుంచీ ఆయనకి తులసితో మాటల్లేవు. ఆ రోజు థియేటర్లో పిత్తాశయం తీస్తూ ఆయన ఒక గొట్టానికి బిగింపు వేసి కోయబోతుంటే, కెమెరా పట్టుకున్న తులసి, "ఆగండి సార్, అది పెద్ద గొట్టం లాగున్నాది" అంది. మత్తు డాక్టరు విన్నాడు, నర్సులు విన్నారు. ఆయన ఆగాడు. అది కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే పెద్ద గొట్టమే. కోసి ఉంటే ఆ రోగి బతుకు పాడయ్యేది. "కెమెరా పట్టుకున్నవాళ్లకి కబుర్లెందుకమ్మా" అని ఆయన నవ్వేశాడు. అందరూ నవ్వారు. రోగి మూడో రోజున నడుచుకుంటూ ఇంటికెళ్లింది. చెప్పాల్సిన థాంక్స్ ఆయన దగ్గరే ఉండిపోయింది.

*

మర్నాడు ఉదయం రాజకుమారి మేడమ్ ఆయన గదికి వచ్చింది. ప్రసూతి విభాగం పెద్ద ఆమె. కన్నాల ఆపరేషన్లు ఈ కాలేజీలో మొదలుపెట్టింది వాళ్లిద్దరే. మూడో పరీక్షకుడు విశాఖలో ఉంటాడు. క్లిప్పులు తెప్పించుకుని చూసి, మార్కులు పంపించాడు.

"జగన్నాధం గారూ, నాలుగో క్లిప్పుకి విశాఖ ఆయన ఇరవై ఒకటి వేశాడు. నేను ఇరవై వేశాను. మీరు పన్నెండు."

"అయితే?"

"ఆరు మార్కుల కంటే తేడా వస్తే మళ్లీ చూడాలని ఈసారి కొత్తగా రూలు రాసుకున్నాం కదా. పదకొండు నిమిషాల క్లిప్పు. ఇక్కడే పెడతాను, ఇద్దరం చూద్దాం."

ఆమె ల్యాప్‌టాప్ తెరవబోయింది. జగన్నాధం చేతిలో ఉన్న ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. అందులో చూడాల్సింది ఏమీ లేదు. అది ఎవరిదో కూడా ఆయన గమనించలేదు.

"సంతలో బేరమాడినట్టు మార్కులు పెంచుకుంటూ పోతే ఇంక ముగ్గురెందుకు మేడమ్, ఒకరు చాలు కదా."

"పెంచమని అనలేదు. చూడమన్నాను."

"చూశాను. ఒకటికి రెండుసార్లు చూసే వేశాను."

ఒక్కసారే చూశాడు. ఆ మాట ఇంత సులువుగా నోటి నుంచి రావడం ఆయనకే వింతగా అనిపించింది. రాజకుమారి ఫైల్లోంచి కాగితం తీసి, 'పునఃపరిశీలన అయినది, మార్పు లేదు' అని రాసి ముందుకి తోసింది. ఆయన ఫిల్ము పక్కన పెట్టి సంతకం చేశాడు.

"ఓపీకి టైమయింది మేడమ్" అన్నాడు లేస్తూ.

*

బుధవారం మధ్యాహ్నం జాబితా బోర్డెక్కింది. పేరు పక్కనే క్లిప్పు అంకె, మొత్తం మార్కులు. జగన్నాధం వార్డు నుంచి వస్తూ అటు వెళ్లాడు. పనిగట్టుకుని వెళ్లలేదు. దారి అదే.

మొదటి పేరు తులసి. క్లిప్పు అంకె రెండు. అరవై నాలుగు మార్కులు.

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. రెండో పేరు విశాలి, మూడో పేరు రమేష్‌బాబు, యాభై నాలుగు. అక్కడ ఎర్ర గీత. గీత కింద మొదటి పేరు నరేష్. అంకె నాలుగు. యాభై మూడు.

రెండో క్లిప్పు ఆయనకి గుర్తుంది. కుడి చేత్తో చకచకా కుట్టిన క్లిప్పు. మెచ్చుకుంటూ ఇరవై రెండు వేశాడు. కింద 'మంచి చేయి' అని కూడా రాశాడు.

గోవింద్ థియేటర్ బయట ట్రాలీ చక్రానికి నూనె వేస్తున్నాడు.

"ఒరే గోవిందూ, అంకెలు తారుమారు చేసీసావేట్రా?"

"ఎందుకు సార్?"

"రెండో క్లిప్పు తులసిదేటి? అది కుడి చెయ్యి గదా."

గోవింద్ లేచి, నూనె చేతిని గుడ్డకి తుడుచుకున్నాడు. తన పనితనం ఒకరు పట్టించుకున్నందుకు వాడి ముఖం వెలిగింది. "తెలీనేదు గదా సార్ మీకు! అదే గావాలన్నాది రాజకుమారి మేడమ్. తులసి మేడమ్‌ది ఎడం సెయ్యి, ఎంత పేరు తీసీసినా సూడగానే తెలిసిపోతాది. అందుకని ఆ మేడమ్‌దీ, లాటరీలో వొచ్చిన ఇంకోటీ, రెండు క్లిప్పులూ అద్దంలో సూసినట్టు తిప్పీసినాం. కుడి ఎడమయిపోతాది, ఎడమ కుడయిపోతాది. కోడి తోలుకి కుడేటి, ఎడమేటి? మనిసి పొట్టయితే కార్జం అటునుండి ఇటొచ్చీసి దొరికిపోదుము."

"తిప్పిన రెండూ ఏవి?"

"అది సెప్పకూడదు గాని... బోర్డెక్కిపోనాది, ఇంకేటిలే. రెండు, నాలుగు."

జగన్నాధం థియేటర్ తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. లోపలి నుంచి ఎవరో తోస్తే తలుపు ఆయన చేతిని నెట్టింది. పక్కకి జరిగాడు. ట్రాలీ మీద రోగిని తోసుకుంటూ వెళ్తున్నది నరేషే. చీపురుపల్లి దగ్గర పల్లె. నాన్న సోములు వరీ గోగూ వేస్తాడు. పిల్లాడు కిందటేడు ఇంటికెళ్లినప్పుడల్లా మంచం కోడుకి గోగునార కట్టి ముడులు వేసి చూసుకునేవాడని జగన్నాధమే పదిమందికీ చెప్పాడు. మా వైపు కుర్రాడు అని చెప్పుకునేవాడు.

"నమస్తే సార్" అన్నాడు నరేష్. జాబితా చూశాడో లేదో ముఖంలో తెలియలేదు.

"ఊఁ" అన్నాడు జగన్నాధం.

*

చూశాడు. గురువారం ఓపీ అయ్యే వేళకి నరేష్ జగన్నాధం గది బయట నిలబడి ఉన్నాడు. చేతిలో మార్కుల కాగితం. పరీక్షకుల పేర్లు అందులో ఉండవు గాని, జగన్నాధం చేతిరాత ఆ కాలేజీలో తెలియనివాళ్లు లేరు.

"కూర్చో."

నరేష్ కూర్చోలేదు. "సార్, మార్కులు అడగడానికి రానేదండి. వొచ్చినవి వొచ్చినాయి. తప్పేటో తెలిస్తే సరిజేసుకుందామని."

"ఇప్పుడెందుకురా, వంతు రాలేదు కదా."

"వంతు రానేదని సెయ్యి ఒదిలీలేను గదండి. మావైపు కడుపునొప్పని ఎవులైనా వొస్తే పిత్తాశయంలో రాయున్నాదని సెప్పి విశాఖ రాసిచ్చేస్తారు. బస్సు కిరాయిలకి బయపడి మా పెద్దమ్మ రెండేళ్లు పసుపు నీళ్లు తాగినాది. నాను ఆ వైపే ఎల్తాను సార్, మరెక్కడికీ ఎల్లను. నాకు రావాలి." కాగితం ముందు పెట్టి వేలుతో చూపించాడు. "ఇక్కడ కుడి సెయ్యి నిద్రపోతన్నాదని రాసారు. నాది కుడి సేతి వాటవే సార్. దానికే నిద్రొస్తే ఇంక నా పనేటి?"

నవ్వడానికి అన్నాడు. జగన్నాధం నవ్వలేదు. క్లిప్పు తిప్పారని వీడికి తెలియదు. ఒక్క వాక్యం చెబితే అయిపోతుంది. ఆ వాక్యం గొంతు దాకా వచ్చింది కూడా. అది వస్తే దాని వెనకే, మరి ఎవరిదనుకున్నారు సార్, అనే ప్రశ్న వస్తుంది.

"రెండో ముడి దగ్గర ఆగింది కదా, అదీ" అన్నాడు.

"దారం తోక ఎంతుందో సూసుకున్నానండి అక్కడ."

"చూసుకోవడం మంచిదే. కానీ..." జగన్నాధం పెన్ను తీసుకుని పట్టుకారులా పట్టుకున్నాడు. "నువ్వు సూదిని తోక వైపు పడుతున్నావు. ఇంకా ముందుకి, మధ్యలోకి రా. చెయ్యి కదులుతుంది."

అది అబద్ధం. సూదిని పట్టాల్సిన చోట పట్టింది ఆ ఆరుగురిలో ఇద్దరే, అందులో నరేష్ ఒకడు. ఆ మాట ఆయనకి తెలుసు. పెన్ను మాత్రం ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు. నరేష్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి, నిలబడే, 'సూది మధ్యలో పట్టాలి' అని రాసుకున్నాడు. కింద గీత గీశాడు.

"థాంక్సండి సార్. ఇంత ఇడమరిసి ఎవులు సెప్తారు."

ఆ రాత్రి ఇంట్లో ఆయన భార్య నెత్తళ్ల చేపల ఇగురు వండింది. జగన్నాధం కలుపుకున్న అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"ఏటలాగ పిసుకుతన్నారు? ఉప్పెక్కువైనాదా?"

"లేదు."

"మరేటి? నిన్న సందేళ నుండీ సూస్తన్నాను, మెతుకు సయించడం నేదు. ఆసుపత్రిలో ఎవులైనా పోనారేటి?"

"ఎవరూ పోలేదు."

"పోతే అలాగుండరు మీరు" అంది భార్య. "పోతే తినేసి తొంగుంటారు."

*

శుక్రవారం ఉదయం రౌండ్లయ్యాక సాధన గది ముందు నుంచి నడిచాడు. తలుపు సగం తెరిచి ఉంది. పెట్టె ముందు నరేష్ ఒక్కడే ఉన్నాడు, తలుపు వైపు వీపు పెట్టి. తెర మీద కోడి చర్మం, పాత కుట్ల కన్నాలు. జగన్నాధం అక్కడే ఆగిపోయాడు.

నరేష్ సూదిని మధ్యలో పట్టాడు. పట్టి చర్మంలోకి దించాడు. వంపు తిరగాల్సిన సూది అడ్డం తిరిగింది. నరేష్ దాన్ని వెనక్కి లాగి, తోక వైపు పట్టబోయి, ఆగి, తల అడ్డంగా ఊపుకుని, మళ్లీ మధ్యలోనే పట్టాడు. ఈసారి దించితే చర్మం చిరిగింది. మణికట్టు దులుపుకున్నాడు. కుడి మణికట్టుకి ముడతల పట్టీ కట్టి ఉంది. మళ్లీ పట్టాడు. సూది జారి పడింది. వంగి తెరలోకి చూస్తూ వెతికి, తీసి, మధ్యలోనే పట్టాడు.

ఆ చేతికి నిజం తెలుసు. ప్రతిసారీ తోక వైపే వెళ్తోంది. ప్రతిసారీ నరేష్ దాన్ని మందలించి మధ్యలోకి తెస్తున్నాడు. పక్కన బల్ల మీద చిన్న పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు.

పన్నెండు మార్కుల్ని సరిచేయవచ్చు. ఈ చేతిని ఇంకో వారం ఇలాగే వదిలేస్తే ఎవరు సరిచేస్తారు? జగన్నాధం తలుపు దగ్గర నుంచి వెనక్కి తిరిగాడు. అక్కడి నుంచి తిన్నగా రాజకుమారి గదికి నడిచాడు, మధ్యలో ఎవరో నమస్తే పెడితే చూడకుండా.

"నాలుగో క్లిప్పు మార్కులు తీసెయ్యండి మేడమ్" అన్నాడు కూర్చోకుండానే. "అది తులసిదనుకుని వేశాను."

రాజకుమారి రాస్తున్న పెన్నుకి మూత పెట్టింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేకపోవడం ఆయన్ని ఇంకా కుంగదీసింది.

"తిప్పించింది అందుకేనా?" అన్నాడు.

"మీ ఒక్కరి కోసం కాదు. కిందటిసారి ఆ పిల్లకి నేనూ మార్కు తగ్గించానేమోనని అనుమానం వచ్చింది. ఎడమ నుంచి సూది రాగానే నాకూ చూపు మారింది." జాబితా ముందుకి లాక్కుంది. "మీ మార్కులు మొత్తం తీసేస్తే ఆరుగురివీ తీసెయ్యాలి. అప్పుడు నరేష్ పైకొస్తాడు, రమేష్‌బాబు గీత కిందకి పోతాడు. ఆ అబ్బాయి చేసిన తప్పేమిటి?"

"నరేష్‌ని పైకి రానివ్వండి. ప్రతి సోమవారం నా కేసులు రమేష్‌బాబుకివ్వండి. నేను పక్కన నిలబడతాను."

"కారణం?"

"కారణం నేనే చెప్తాను. పిల్లల్ని పిలవండి."

*

ఆరుగురూ సెమినార్ గదిలో గోడ వారగా నిలబడ్డారు. గోవింద్‌ని కూడా పిలిచారు. వాడు తనకేదో మూడిందని తలుపు దగ్గరే ఉన్నాడు.

జగన్నాధం లేచి నిలబడి చెప్పాడు. క్లిప్పు తిప్పారని, అది తనకి తెలియదని, ఎడమ చెయ్యి చూసి తులసిదనుకున్నానని, మళ్లీ చూడమంటే చూడకుండా సంతకం పెట్టానని చెప్పాడు. సూది విషయం చెప్పాడు. "నరేష్, నువ్వు పట్టిన చోటే సరైన చోటు. నేను చెప్పింది తప్పు. రెండ్రోజులుగా నాకు అన్నం సహించడం లేదు."

నరేష్ కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. కోపం వస్తుందని జగన్నాధం చూస్తున్నాడు. అది రాలేదు.

"మరయితే నా కుడి సెయ్యి నిద్రపోనేదు గదా సార్?"

"లేదురా."

"అమ్మయ్య" అన్నాడు నరేష్. ఎవరో కిసుక్కున నవ్వారు. రమేష్‌బాబుకి సోమవారం కేసుల సంగతీ, నరేష్‌కి వంతు వచ్చిన సంగతీ రాజకుమారి చెప్పింది. గదిలో బిగుసుకున్న గాలి కొంచెం సడలింది. జగన్నాధానికి గుండెల మీద నుంచి బరువేదో దిగుతున్నట్టే అనిపించింది. చెప్పేశాను అనుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చోబోయాడు.

"సార్" అంది తులసి.

ఎనిమిది నెలల తర్వాత ఆమె ఆయన్ని పిలవడం అదే. సన్నటి మనిషి. గోడకి ఆనుకోకుండా నిలబడి ఉంది.

"నాలుగో క్లిప్పు నరేష్‌దని తెలిసాక మీకు అన్నం సయించనేదన్నారు. అది నాదే అయ్యుంటే సయించీదేటి సార్?"

జగన్నాధం కూర్చోలేదు. లేచీ నిలబడలేదు. కుర్చీ వీపు పట్టుకుని సగంలో ఉండిపోయాడు. నోరు తెరిస్తే వచ్చే జవాబు ఒక్కటే, అది గదిలో అందరికీ ముందే వినిపించింది.

"కిందటిసారి, జనవరి పరీక్షలో, నా క్లిప్పు ఎవులూ తిప్పనేదు" అంది తులసి. గొంతు పెంచలేదు. "అందరికన్న కిందన వొచ్చినాను. ఆర్నెల్లు కెమెరా పట్టినాను. ఆ మార్కుల సంగతి ఎవులూ అననేదు, అందుకని అడుగుతన్నాను."

రాజకుమారి బీరువాలోంచి జనవరి ఫైలు తీసింది. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. విశాఖ ఆయన పద్దెనిమిది, రాజకుమారి పదిహేడు, జగన్నాధం పది. కింద ఆయన చేతిరాతే. 'ఈ పద్ధతికి పనికిరాదు. పొట్ట తెరిచే ఆపరేషన్లకు పంపవచ్చు.' ఆయనకి ఆ వాక్యం రాసినట్టే గుర్తు లేదు. ఆ రోజు మధ్యాహ్నం ఇంటికెళ్లి కడుపు నిండా తిని ఉంటాడు. అదీ గుర్తు లేదు.

"గోవిందూ" అన్నాడు, "జనవరి క్లిప్పులు పెట్టు. మళ్లీ చూస్తాను. ఇప్పుడే, అందరి ముందూ."

గోవింద్ కాలు మార్చుకుని నిలబడ్డాడు. "నేవు సార్. డిస్కులో సోటు సాలక మార్చిలోనే తుడిసీసినాను. మీరే సంతకం ఎట్టినారు."

ఇక చూడటానికి ఏమీ లేదు. ఆ పది సరైనదో కాదో తేల్చడానికి ఆమె చేతుల పని ఎక్కడా మిగల్లేదు. ఆయన వేసిన అంకె మాత్రం మిగిలింది. జగన్నాధం ఆ కాగితం తన ముందుకి లాక్కున్నాడు.

"ఏం చెయ్యమంటావమ్మా?"

"నా కేసుల పుస్తకంలో ఆరు నెలలు కాళీ ఉన్నాది సార్. రేపు ఎక్కడ ఉద్యోగానికెల్లినా మొదట అదే అడుగుతారు. పని రాకేటి, పని ఇవ్వకేటి అని. నాను నోటితో సెప్తే ఎవులు నమ్ముతారు?"

ఆమె ఇంకేమీ అడగలేదు. ఆయన పెన్ను తీశాడు. తన పాత వాక్యం కింద జాగా తక్కువుంది. అక్షరాలు చిన్నవి చేసి రాశాడు. 'ఈ మార్కులు డాక్టర్ తులసి పని చూసి వేసినవి కావు. ఎడమ చేయి చూసి వేసినవి. అంతకు ముందు థియేటర్లో నా తప్పు ఆమె పట్టుకున్నందున వేసినవి.' తేదీ వేశాడు. పూర్తి పేరు, హోదా, రిజిస్ట్రేషన్ నంబరు వేసి సంతకం పెట్టాడు.

రాజకుమారి వంగి చదివింది. "జగన్నాధం గారూ, ఇది ఈ గది దాటి వెళ్లిందంటే మళ్లీ మిమ్మల్ని ఎవరూ పరీక్షకుడిగా పిలవరు. ఆ మూడో మాట ఆస్పత్రి వాళ్లకీ నచ్చదు. జెరాక్స్ తీసి ఫైల్లో పెడదాం, ఆలోచించుకుని..."

"ఫైల్లో జెరాక్స్ పెట్టండి" అన్నాడు ఆయన. "ఇది ఆమెది."

కుర్చీల మధ్య నుంచి నడిచి గోడ దగ్గరికి వెళ్లాడు. ఆరుగురూ చూస్తున్నారు. తులసి మూడేళ్లుగా ఆయన దగ్గర కేసు షీట్లు అందుకుంది, రిపోర్టులు అందుకుంది, మందు చీటీలు అందుకుంది. పెద్దవాళ్ల చేతి నుంచి కుడి చేత్తోనే అందుకోవాలని ఇంట్లో ఎంత కొట్టి నేర్పారో గాని, ఎప్పుడూ తప్పలేదు.

ఆయన కాగితం చాపాడు.

తులసి దాని వంక చూసి, ఆయన ముఖం వంక చూసి, ఎడమ చెయ్యి చాపింది. చాపి అలాగే ఉంచింది.

జగన్నాధం కాగితం ఆ చేతిలో పెట్టాడు.